మొదటి కారు ఎవరిది? క్విజ్ ప్రశ్న దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి

క్విజ్‌టీచర్:

అందరికీ నమస్కారం. మా స్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి వాహనాల చరిత్ర మీద క్విజ్ పెడుతున్నాం. ప్రశ్నలు రాసే పని నాకు అప్పగించారు. నాది సోషల్ సబ్జెక్టు, ఇంజన్ల సంగతి పెద్దగా తెలియదు. నిన్న క్లాసులో ఒక ప్రశ్న అడిగి చూశాను: "మొదటి కారు తయారుచేసింది ఎవరు?" నా కాగితంలో జవాబు కార్ల్ బెంజ్. ఒకడు లేచి ఫోర్డ్ అన్నాడు. కాదని చెప్పేలోపే వెనక బెంచీ అమ్మాయి "క్యూనో టీచర్, 1769, ఆవిరి బండి" అంది. ఇంకో అబ్బాయి, వియన్నాలో మార్కుస్ అనే ఆయన 1875లోనే పెట్రోలు బండి నడిపాడని వాళ్ళ తాతయ్య దగ్గరున్న పాత పుస్తకంలో చదివానన్నాడు. రేపు చెబుతానని అందర్నీ కూర్చోబెట్టాను.

నేను రాసుకున్నవి ఇవి. తప్పులుంటే దయచేసి చెప్పండి.

మొదటి కారు – కార్ల్ బెంజ్, 1886
వైపర్‌కి పేటెంటు – మేరీ ఆండర్సన్, 1903
గంటకి 100 కిలోమీటర్లు దాటిన మొదటి పెట్రోలు కారు – లా జమే కొంతాంత్, 1899
అసెంబ్లీ లైను కనిపెట్టింది – హెన్రీ ఫోర్డ్
మోడల్ టీ కారు దొరికిన ఒకే ఒక్క రంగు – నలుపు
సెల్ఫ్ స్టార్టర్ వచ్చిన మొదటి కారు – కాడిలాక్, 1912


పేటెంటుపిచ్చి:

బెంజ్ విషయంలో అనుమానం అక్కర్లేదండి. జర్మన్ పేటెంటు నంబరు 37435, దరఖాస్తు తేదీ 1886 జనవరి 29. కాగితం ఉన్నవాడిదే మొదటిది. మూడోది మాత్రం మార్చండి. లా జమే కొంతాంత్ పెట్రోలు కారు కాదు, బ్యాటరీ కారు. బెల్జియం వాడైన కమీల్ జెనాట్జీ పారిస్ దగ్గర అషేర్‌లో 1899 ఏప్రిల్‌లో దాన్ని గంటకి 105.88 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. వంద దాటిన మొదటి కారు కరెంటుదే.


గ్రీజుచేతులు:

టీచరమ్మా, ముప్పై ఏళ్ళకి పైగా ఆటోమొబైల్ వర్క్‌షాపులో పిల్లలకి పని నేర్పాను. రిటైరయ్యాక పాత ఇంజన్లు విప్పి బాగుచేసుకుంటున్నాను. ముందు ఆ వెనక బెంచీ అమ్మాయికి మార్కులు వేయండి. ఆమె చెప్పింది తప్పు కాదు, మీ ప్రశ్నే కాస్త వదులుగా ఉంది. "మొదటిది" అన్న మాట పక్కన "దేనిలో" అన్నది రాయకపోతే నలుగురు నాలుగు జవాబులు చెబుతారు, నలుగురివీ ఎంతో కొంత నిజమే అవుతాయి.

క్యూనో ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు. ఫిరంగులు లాగడానికి ఆవిరి బండి కట్టాడు. 1769లో చిన్నది, ఆ తర్వాత పెద్దది. పెద్దది ఇప్పటికీ పారిస్‌లో కళలు-చేతిపనుల మ్యూజియంలో ఉంది. దాని ఫొటో పిల్లలకి తప్పకుండా చూపించండి. మూడు చక్రాలు. ముందు చక్రానికీ ముందు, గాల్లోకి వేలాడుతున్నట్టు పెద్ద రాగి బాయిలరు. ఆ బరువంతా ఒక్క ముందు చక్రం మీదే. ఆ చక్రాన్నే ఇంజను తిప్పాలి, ఆ చక్రంతోనే బండి మలుపు తిరగాలి. బాయిలరు చిన్నదవడం వల్ల పావుగంట నడిచాక ఆవిరి అయిపోయేది, మళ్ళీ మంట వేసి ఆవిరి పట్టేదాకా ఆగాల్సిందే. మనిషి నడక వేగం, గంటకి నాలుగు కిలోమీటర్లు. అది గోడని గుద్దిందని, అదే ప్రపంచంలో మొదటి కారు ప్రమాదమని చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ కథ బండి నడిచిన నాటి కాగితాల్లో లేదు, చాలా ఏళ్ళ తర్వాతి రాతల్లోనే ఉంది. క్విజ్‌లో అది వద్దు. కానీ తన శక్తితో తాను నడిచి మనుషుల్ని మోసిన మొదటి పెద్ద రోడ్డు బండి ఏదని అడిగితే క్యూనోదే జవాబు.

మరి బెంజ్ గొప్పతనం ఏమిటి? పేటెంటుపిచ్చి గారు కాగితం అన్నారు. నాకు కాగితం కన్నా ఆ బండి అడుగుభాగం ముఖ్యం. అప్పటిదాకా జనం చేసింది గుర్రబ్బండి తీసుకుని దానికి ఇంజను తగిలించడం. డైమ్లర్, మేబాక్ అనే ఇద్దరు జర్మన్ ఇంజనీర్లు కలిసి 1886లోనే చేసిన నాలుగు చక్రాల బండి కూడా అలాంటిదే, గుర్రబ్బండి కొని ఇంజను పెట్టారు. బెంజ్ అలా చేయలేదు. సైకిళ్ళలా ఉక్కు గొట్టాల ఫ్రేము, తీగ చువ్వల చక్రాలు, వాటి మధ్య ఒకే సిలిండరు, 954 సీసీ ఇంజను. బలం ఒక గుర్రానికి ముప్పాతిక వంతు. కరెంటు నిప్పురవ్వతో ఇంధనం అంటుకుంటుంది, బెల్టు నుంచి అడ్డషాఫ్టుకి, డిఫరెన్షియల్‌కి (మలుపులో రెండు వెనక చక్రాల్నీ వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు), అక్కణ్ణించి రెండు చైన్లతో వెనక చక్రాలకి బలం పోతుంది. ఇంజను, ఫ్రేము, చక్రాలు ఒకదాని కోసం ఒకటి గీసినవి. "ఇంజనుతో కలిపి ఒక్క యంత్రంగా రూపొందించిన మొదటి పెట్రోలు బండి" అని ప్రశ్న వేయండి, అప్పుడు బెంజ్ పేరు మీద ఎవరూ వేలెత్తరు.

అందులో ఒక చిన్న సంగతి నాకు ఎప్పుడూ ముద్దొస్తుంది. దాని ఫ్లైవీలు, అంటే ఇంజను ఆగకుండా సాఫీగా తిరగడానికి పెట్టే బరువైన చక్రం, పడుకుని ఉంటుంది, తిరగలి రాయిలాగ. నిలబెడితే, వేగంగా తిరిగే బరువు మలుపు తిరగనివ్వకుండా మొరాయిస్తుందేమోనని బెంజ్ భయపడ్డాడు. తిరిగే బొంగరాన్ని పక్కకి వంచబోతే చేతికి తెలిసే బలం ఉంటుంది చూడండి, అది. ఆ వేగానికి, ఆ బరువుకి అంత భయం అక్కర్లేదని తర్వాత తేలింది, ఫ్లైవీళ్ళు నిలబడ్డాయి. కానీ ముందు ఎవరూ చేయని పని చేసేవాడు ఎన్నిటికి భయపడాలో ఆ పడుకున్న చక్రం చూస్తే నాకు అర్థమవుతుంది. స్టార్ట్ చేయడం కూడా ఆ ఫ్లైవీలుని చేత్తో పట్టుకుని తిప్పడమే.

మార్కుస్ గురించి చెప్పిన అబ్బాయి పుస్తకం పాతది కాబట్టి అలా ఉంది. సీగ్‌ఫ్రీడ్ మార్కుస్ వియన్నాలో నిజంగానే పెట్రోలు బండ్లు చేశాడు. 1870 ప్రాంతంలో ఒక చేతిబండికి ఇంజను బిగించాడు, దానికి స్టీరింగు లేదు, బ్రేకు లేదు. రెండోది అసలైన కారులాంటిది, ఇప్పుడూ వియన్నా సాంకేతిక మ్యూజియంలో ఉంది. దానికి 1875 అని చాలాకాలం రాశారు. తర్వాత తయారీ కాగితాలు బయటపడ్డాక అది 1888, 89 నాటిదని తేలింది, అంటే బెంజ్ తర్వాతే. అయితే ఆ అబ్బాయికి ఇంకో సంగతి కూడా చెప్పండి, మీది సోషల్ కాబట్టి మీరే బాగా చెప్పగలరు. మార్కుస్ యూదుడు. 1940లో నాజీ ప్రచార శాఖ విజ్ఞాన సర్వస్వాలు వేసేవాళ్ళకి ఉత్తరం రాసింది: కారు కనిపెట్టింది మార్కుస్ అని ఇకముందు వేయొద్దు, డైమ్లర్, బెంజ్ అని వేయాలి. తేదీ తప్పని రుజువు చేసి తీసేయడం వేరు, పుట్టుక చూసి తీసేయడం వేరు. రెండూ ఒకే మనిషి విషయంలో జరిగాయి. అందుకే అతని పేరు తీసేటప్పుడు ఎందుకు తీస్తున్నామో చెప్పి తీయాలి.


మెకానికల్_రెండో_సంవత్సరం:

సర్, ఒక డౌటు. రెండు ముందు చక్రాలు వేరువేరు కోణాల్లో తిరిగే అకర్‌మన్ స్టీరింగు 1818లోనే పేటెంటు అయిందని మాకు చెప్పారు. మరి బెంజ్ 1886లో మూడు చక్రాల బండి ఎందుకు చేశాడు?


గ్రీజుచేతులు:

మంచి ప్రశ్న బాబూ. అసలు ఆ ఆలోచన అకర్‌మన్‌ది కూడా కాదు. మ్యూనిక్‌లో బండ్లు కట్టే లాంకెన్‌ష్పెర్గర్‌ది. అకర్‌మన్ లండన్‌లో అతని తరఫున పేటెంటు తీసుకున్నాడు, పేరు మాత్రం ఏజెంటుకి మిగిలింది. 1873లో ఫ్రాన్స్‌లో ఆమెదె బొల్లే తన ఆవిరి బండికి అలాంటి స్టీరింగే పెట్టాడు. అంటే దారి ఉంది. కానీ ఆ రోజుల్లో ఒక దేశంలో ఒకడు చేసింది ఇంకోచోట ఇంకొకడికి చాలాసార్లు తెలిసేది కాదు.

సమస్య ఇదీ. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం గీస్తుంది, బయటి చక్రం పెద్ద వలయం. రెంటినీ ఒకే కోణంలో తిప్పితే ఒకటి నేలని గీరుకుంటూ పోతుంది. గుర్రబ్బండిలో ఇరుసు మొత్తం నడిమీద తిరుగుతుంది, గుర్రం ముందు నుంచి లాగుతుంది కాబట్టి సరిపోయేది. గుర్రాన్ని తీసేసి, ఆ ఇరుసుకి ఒక కర్ర కట్టి మనిషి చేతికి ఇస్తే, ఒక చక్రం రాయికి తగిలిన ప్రతిసారీ కర్ర వచ్చి చేతిని కొడుతుంది. ఇది తనకి నచ్చేలా కుదరక బెంజ్ ముందు ఒక్క చక్రమే పెట్టి సమస్యని పక్కకి నెట్టాడు. ఏడేళ్ళు దాని గురించే ఆలోచించి 1893లో తనదైన పద్ధతికి పేటెంటు తీసుకుని విక్టోరియా అనే నాలుగు చక్రాల కారు తెచ్చాడు.

ఇక గుండ్రటి స్టీరింగు చక్రం ఆయనది కాదు. 1894 పారిస్–రూఆన్ పోటీలో వషెరోన్ అనే ఆయన తన పనార్ కారుకి కర్ర తీసేసి చక్రం పెట్టుకున్నాడు. అదీ క్విజ్‌కి బాగుంటుంది.


క్విజ్‌టీచర్:

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మార్కుస్ సంగతి ఈ రోజే క్లాసులో చెప్పాను, ఆ అబ్బాయి తాతయ్య పుస్తకం తెచ్చి చూపించాడు, అందులో 1875 అనే ఉంది. ఆ అంకె కింద పెన్సిలుతో గీత గీసుకున్నాడు.

ఒక అమ్మాయి అడిగింది: ఇన్ని మొదటివాటిలో ఆడవాళ్ళు వైపర్ ఒక్కటేనా చేసింది అని. కార్ల్ భార్య బెర్తా బెంజ్ కారు నడిపిందని విన్నాను. అది నడపడం వరకేనా? అలాగే సెల్ఫ్ స్టార్టర్ అంత ముఖ్యమా అని కూడా అడిగారు, నాకూ సరిగ్గా తెలియదు.


గ్రీజుచేతులు:

నడపడం వరకే కాదమ్మా. ఆమె గురించి రాయాలంటే కొంచెం జాగా కావాలి, ఏమీ అనుకోకండి.

ముందు డబ్బు సంగతి. పెళ్ళికి ముందే తనకి రావలసిన కట్నం సొమ్ములో కొంత తెప్పించి కార్ల్ వర్క్‌షాపులో పెట్టింది. ఆ డబ్బుతోనే అతను సరిపడని భాగస్వామిని వదిలించుకోగలిగాడు. తర్వాత కారు తయారైంది, పేటెంటు వచ్చింది, కొనేవాడు లేడు. కార్ల్ బెంజ్ పని దగ్గర పులి, జనంలోకి తీసుకెళ్ళడం చేతకాని మనిషి. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్త లేవకముందే, పదిహేనేళ్ళ ఓయ్‌గెన్‌నీ పదమూడేళ్ళ రిషార్ట్‌నీ, కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. అప్పటిదాకా ఆ బండి చేసినవి నాలుగడుగుల పరీక్షలే.

దారిలో జరిగినవాటిని అందరూ తమాషా కథలుగా చెబుతారు. నేను వాటిని పనివాడి లెక్కలో చూస్తాను. ఇంధనం పైపు మూసుకుపోయింది, టోపీ పిన్నుతో పొడిచి తీసింది. ఇగ్నిషన్ తీగ (నిప్పురవ్వకి కరెంటు తెచ్చేది) ఒరుసుకుపోయింది, మేజోడు పట్టీ చుట్టింది. వీస్‌లోఖ్ ఊళ్ళో మందుల షాపులో లిగ్రోయిన్ కొన్నది, బట్టల మీద మరకలు పోగొట్టడానికి అమ్మే ద్రవం అది, ఆ బండి ఇంధనం అదే. ఆ మందుల షాపుని ఇప్పటికీ ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అంటారు. చైను సాగింది, కమ్మరి దగ్గర బాగుచేయించింది. ఇవన్నీ మంచి డ్రైవరు చేసే పనులు.

తర్వాతి రెండూ డ్రైవరు పనులు కాదు, ఇంజనీరు పనులు. దిగుడు దారుల్లో చెక్క బ్రేకు దిమ్మలు అరిగిపోయాయి. ఆమె చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి ఆ దిమ్మలకి తోలు కొట్టించింది. ఒకసారి ఆలోచించండి. గట్టి దిమ్మ, దాని ముందు అరగడానికి వేరే పొర, అరిగితే పొర ఒక్కటే మార్చుకోవచ్చు. ఈ రోజు మనం బ్రేకు లైనర్లు మార్చుకోవడం అంటే అదే. నా దగ్గరికి వచ్చిన పిల్లలకి పాత లైనరు చేతిలో పెట్టి, రివెట్లు వేలితో తడిమి చూడమని, ఇది ఎక్కడ మొదలైందో చెప్పేవాణ్ణి. ఎందుకంటే లైనరు అరిగి రివెట్టు తల బయటికొస్తే చేతికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. ఆ చెప్పుల పనివాడు కూడా మేకు తల తోలులోకి దిగేలా కొట్టకపోతే చక్రం గీసుకుపోతుంది. తోలు, మేకులతో రోజూ పనిచేసేవాడి దగ్గరికే ఆమె వెళ్ళింది. సరైన మనిషి దగ్గరికి వెళ్ళడం కూడా పనితనమే.

రెండోది, ఎత్తు ఎక్కలేక పిల్లలు దిగి తోశారు. ఇంటికి వచ్చాక, ఎత్తుల కోసం ఇంకో చిన్న గేరు కావాలని భర్తకి చెప్పింది. అతను పెట్టాడు. వర్క్‌షాపు చుట్టూ చదునైన రోడ్డు మీద తిప్పినవాడికి తెలియని లోటు అది. కాబట్టి ఆ అమ్మాయికి చెప్పండి, బెర్తా చేసింది ప్రపంచంలో మొదటి దూరప్రయాణం, దాంతోపాటు మొదటి రోడ్డు టెస్టు కూడా.

మేరీ ఆండర్సన్‌ది మీరు సరిగ్గానే రాశారు. న్యూయార్క్‌లో మంచు కురుస్తుంటే ట్రాము నడిపేవాడు అద్దం తెరిచి, చలికి వణుకుతూ దారి చూసుకోవడం ఆమె గమనించింది. లోపల ఒక పిడి, బయట రబ్బరు పట్టీ ఉన్న చెయ్యి, చేత్తో తిప్పేది. 1903 నవంబరులో పేటెంటు. రెండేళ్ళ తర్వాత కెనడాలో ఒక సంస్థకి అమ్మచూపితే వ్యాపారానికి పనికిరాదన్నారు. పేటెంటు గడువు తీరిపోయింది, కార్లన్నిటికీ వైపర్లు వచ్చాయి, ఆమెకి పైసా రాలేదు. ఈ ముగింపు లేకుండా పేరు మాత్రం అడిగితే ప్రశ్న సగమే.

ఇక సెల్ఫ్. ఇది నా చేతికి తెలిసిన సంగతి. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నేర్చుకునే చోట ఒక పాత సింగిల్ సిలిండరు పెట్రోలు ఇంజను ఉండేది, హ్యాండిల్ కొట్టి లేపాలి. అలాంటి ఇంజన్లకి స్పార్కు ముందుకి వెనక్కి జరిపే చిన్న లివరు ఉంటుంది. హ్యాండిల్ కొట్టే ముందు దాన్ని వెనక్కి పెట్టాలి. పిస్టను పైకొచ్చేలోపే నిప్పు పడితే అది ఎదురు తన్నుతుంది. అంతకుముందు నడిపినవాళ్ళు లివరు ముందుకే వదిలేశారు, నేను చూసుకోలేదు. ఇంకో తప్పు, బొటనవేలు హ్యాండిల్‌కి అవతల చుట్టి పట్టుకున్నాను. నాలుగు వేళ్ళ పక్కనే, ఒకే వైపు పెట్టుకోవాలి, తన్నితే చెయ్యి జారి బయటికొస్తుంది. నాది జారలేదు. కుడి మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ఇంజను చప్పుడు కన్నా ముందు వినిపించింది. ఆ తర్వాత నా దగ్గర నేర్చుకున్న ప్రతి పిల్లాడి బొటనవేలు ఎక్కడుందో చూశాకే హ్యాండిల్ కొట్టనిచ్చాను.

1912కి ముందు పెట్రోలు కారున్న ప్రతి ఇంట్లో ఈ ప్రమాదం రోజూ ఉండేది. 1900లో అమెరికాలో తయారైన నాలుగు వేల పైచిలుకు కార్లలో పెట్రోలువి వెయ్యి కూడా లేవు, మిగతావి ఆవిరివి, కరెంటువి. బ్యాటరీ కార్లు అమ్ముడుపోవడానికి ఒక పెద్ద కారణం హ్యాండిల్ లేకపోవడం.

సెల్ఫ్‌కి ముందు కూడా విద్యుత్ మోటారుతో ఇంజను లేపే ప్రయత్నాలు జరిగాయి. అడ్డంకి ఏమిటంటే, అంత ఇంజను తిప్పాలంటే మోటారు ఇంజనంత ఉండాలని లెక్క వచ్చేది. చార్ల్స్ కెట్టరింగ్ అంతకుముందు క్యాష్ రిజిస్టర్లకి మోటారు పెట్టే పని చేసినవాడు. డ్రాయరు తెరవడానికి మోటారు ఒక్క క్షణం బలంగా తిరిగితే చాలు, రోజంతా తిరగక్కర్లేదు. కాబట్టి చిన్న మోటారుకి దాని తాహతుకి మించిన కరెంటు కొన్ని క్షణాలు ఇవ్వొచ్చు, అది వేడెక్కి కాలేలోపు పని అయిపోతుంది. కారులోనూ అంతే. ఇంజను లేచాక అదే యంత్రం ఎదురు పని చేసి బ్యాటరీని చార్జి చేస్తుంది. 1912 మోడల్ కాడిలాక్ కార్లన్నిటికీ ఫ్యాక్టరీలోనే అది బిగించి అమ్మారు. మీ ప్రశ్నలో "కరెంటు సెల్ఫ్‌ని మామూలుగా బిగించి అమ్మిన" అని చేర్చండి. ఇప్పటికీ సెల్ఫ్ ఎక్కువసేపు నొక్కి పట్టుకోకూడదని మెకానిక్కులు చెప్పేది ఈ లెక్క వల్లే, అది క్షణాల కోసం చేసిన మోటారు.


పేటెంటుపిచ్చి:

గ్రీజుచేతులు గారూ, కాగితం ఉన్నవాడిదే మొదటిదని నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. బెర్తా తోలుకి పేటెంటు లేదు కదా. నా వైపు నుంచి ఒకటి ఇస్తాను. అమెరికాలో జార్జ్ సెల్డన్ అనే లాయరు 1879లో కారుకి పేటెంటు దరఖాస్తు పెట్టి, మార్పులు చేస్తూ సాగదీసి 1895లో తీసుకున్నాడు. అప్పటికి కారేమీ తయారుచేయలేదు. అయినా కార్లు చేసేవాళ్ళ దగ్గర రుసుము వసూలయ్యేది. ఫోర్డ్ కట్టనన్నాడు. కేసు 1911లో తేలింది: సెల్డన్ పేటెంటు చెల్లుతుంది, కానీ అతను చూపించిన బ్రేటన్ రకం, అంటే వేరే పాత పద్ధతి ఇంజనుకి మాత్రమే. అప్పటికి అందరూ వాడుతున్నది ఒట్టో అనే జర్మన్ పేరు మీద ఉన్న నాలుగు స్ట్రోకుల ఇంజను. రుసుము ఆగిపోయింది.


వెనకగేరు:

ఫోర్డ్ ప్రశ్నలు రెండూ సరిచేయాలి మేడమ్.

నలుపు: మోడల్ టీ 1908లో వచ్చింది. మొదటి ఏళ్ళలో ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో వచ్చాయి. నలుపు ఒక్కటే అన్నది 1914 నుంచి 1925 దాకా. తర్వాత మళ్ళీ రంగులు వచ్చాయి.

అసెంబ్లీ లైను: పని ముక్కలు చేసి వరసగా చేయించడం అంతకుముందే ఉంది. 1901 నుంచి రాన్సమ్ ఓల్డ్స్ తన కార్లని అలా చేయించాడు. ఫోర్డ్ హైలండ్ పార్క్ ఫ్యాక్టరీలో 1913లో తెచ్చింది కదిలే లైను, అంటే పనే మనిషి దగ్గరికి కదిలి వస్తుంది. మొదట కారు మీద కాదు, ఫ్లైవీలు మాగ్నెటో అనే, నిప్పురవ్వకి కరెంటు పుట్టించే చిన్న భాగం మీద మొదలుపెట్టారు. ఒక్కడే కూర్చుని చేస్తే ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. దాన్ని 29 పనులుగా విడగొడితే 13 నిమిషాల 10 సెకన్లు. తర్వాత లైను ఎత్తుని 8 అంగుళాలు పెంచారు, మనుషులు వంగాల్సిన పని తప్పింది, 7 నిమిషాలకి దిగింది. ఇంకా సరిచేసి 5 నిమిషాలకి తెచ్చారు. చాసీ (కారు అడుగు ఫ్రేము) బిగింపు పన్నెండున్నర గంటల నుంచి గంటా ముప్పై మూడు నిమిషాలకి వచ్చింది.

నాకు ఇష్టమైన ప్రశ్న ఒకటి ఇస్తున్నాను: మోడల్ టీని నిటారు ఎత్తులు వెనక్కి ఎందుకు ఎక్కించేవాళ్ళు? పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండేది, పంపు లేదు, పెట్రోలు పల్లానికి పారినట్టు కార్బ్యురేటర్‌కి దిగాలి. ముందుకి ఎక్కితే, ట్యాంకులో కొంచెమే ఉన్నప్పుడు ఇంజను ట్యాంకు కన్నా పైకి పోయి పెట్రోలు అందేది కాదు. వెనక్కి ఎక్కితే ట్యాంకు పైన ఉంటుంది. పైగా వెనక గేరుకి బలం ఎక్కువ.


గ్రీజుచేతులు:

8 అంగుళాల సంగతి రాసినందుకు వెనకగేరు గారికి చాలా సంతోషం. బెంచీ ఎత్తు గురించి నేను ఉద్యోగమంతా పోట్లాడాను. నడుము వంగితే చెయ్యి నెమ్మదిస్తుంది, ఎవరి మాటా వినక్కర్లేదు, ఒక గంట వంగి పని చేసి చూస్తే చాలు.

కాడిలాక్ పేరు వచ్చింది కాబట్టి ఇంకోటి. 1908లో ఇంగ్లండ్‌లో మూడు కాడిలాక్ కార్లని పూర్తిగా విప్పి, విడిభాగాలన్నీ ఒకే కుప్పలో కలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసేసి దుకాణం స్టాకులోవి వేశారు. తర్వాత మెకానిక్కులు ఆ కుప్పలోంచి మళ్ళీ మూడు కార్లు బిగించారు. ఆకురాయి పట్టకూడదు, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు మాత్రమే. మూడూ స్టార్టయ్యాయి, బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద 500 మైళ్ళు తిరిగాయి. అక్కడి రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఇచ్చే డీవార్ ట్రోఫీ ఆ ఏడాదికి దానికే ఇచ్చారు. ఆకురాయితో అరగదీసి జత కుదర్చడం ఎంతసేపు పడుతుందో తెలిసినవాడికి ఆ కుప్ప చూస్తే కళ్ళు చెమరుస్తాయి. ఒక కారు పిస్టను ఇంకో కారు సిలిండరు బోరులో అలా దిగిపోవడం అంటే, కదిలే లైనుకి కావలసిన అసలు సరుకు అప్పుడే తయారైందన్నమాట. ఆకురాయి పట్టాల్సిన భాగాలతో ఏ లైనూ కదలదు.

రేడియేటర్ మీద కూడా ఒకటి అడగండి. బెంజ్ మొదటి బండి నీళ్ళు మరిగించి ఆవిరి వదిలేసేది, దారిపొడుగునా నీళ్ళు పోసుకోవాలి, బెర్తా కూడా అలాగే పోసుకుంటూ వెళ్ళింది. 1900 చివర్లో మేబాక్ మెర్సిడెస్ 35 గుర్రాల కారుకి తేనెపట్టు రేడియేటర్ పెట్టాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070, గాలి వాటి లోపలి నుంచి, నీళ్ళు వాటి సందుల్లోంచి. అంత పెద్ద ఇంజనుకి 9 లీటర్ల నీళ్ళు సరిపోయాయి. మెర్సిడెస్ అన్నది దాన్ని తయారుచేయించిన ఎమిల్ యెలినెక్ కూతురి పేరు, ఆ ప్రశ్న పిల్లలకి ఎలాగూ తెలిసే ఉంటుంది.


క్విజ్‌టీచర్:

ప్రశ్నలన్నీ మళ్ళీ రాశాను. మొదటిది ఇప్పుడు ఇలా ఉంది: "ఇంజనుతో కలిపి ఒక్క యంత్రంగా రూపొందించి, 1886లో పేటెంటు దరఖాస్తు చేసిన మూడు చక్రాల పెట్రోలు బండి ఎవరిది?" క్యూనో అన్న అమ్మాయికి చదివి వినిపిస్తే, "ఇప్పుడు బెంజ్ అనొచ్చు టీచర్" అంది. కానీ క్యూనోకి ఇంకో ప్రశ్న పెట్టమని పట్టుబట్టింది, పెట్టాను.

బెర్తా మీద ప్రశ్న ఇది: "1888 ప్రయాణంలో బెర్తా బెంజ్ బ్రేకుల కోసం ఎవరి దగ్గర ఆగింది?" జవాబులు నాలుగు ఇచ్చాను, కమ్మరి, వడ్రంగి, మందుల షాపు, చెప్పులు కుట్టేవాడు. గ్రీజుచేతులు గారూ, మీ దగ్గర పాత బ్రేకు లైనరు ఉంటే ఒక ఫొటో పెట్టగలరా? రివెట్లు కనిపించేలా.


గ్రీజుచేతులు:

పెడతానమ్మా. రెండు తీస్తాను, ఒకటి కొత్తది, ఒకటి రివెట్టు తల బయటపడ్డది. పక్కన అంగుళాల స్కేలు పెట్టి తీస్తాను, పిల్లలకి మందం తెలియాలి.